నలభై మూడు ఇళ్ళ పేర్లు

నల్లవాళ్ళ చదువుకని పెట్టిన పిస్గా కాలేజీకి జాతీయ బహుమతి వచ్చిందని కబురు అందిన పూట డాక్టర్ ఆర్డీలియా షంపర్ట్ మైక్రోస్కోపు ముందు కూర్చుని టాలివర్ కౌంటీ జనం మలం పరీక్ష చేస్తోంది. పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే. అరవై ఒకటో ఏట ఆమెకు పేరు తెచ్చిపెట్టినవి ఆ ప్లాస్టిక్ డబ్బాలే. మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సిన పని కాబట్టి కాలేజీలో చాలామంది ఆమె గది ముందుకి వచ్చేసరికి అడుగు వేగం పెంచేవారు. ఆ రోజు మాత్రం అందరూ ఆ గదిలోకే వచ్చిపడ్డారు. కాలేజీ ప్రెసిడెంటు బాలర్డ్ పరుగులాంటి నడకతో వచ్చి, ఆమె చేతి తొడుగులైనా తీయకముందే గట్టిగా కావలించుకున్నాడు.

"నూట ముప్పై ఏళ్ళమ్మా! మనది వంటా కుట్టూ నేర్పే బడి అన్నారు. నల్లవాళ్ళకి పట్టాలు పంచిపెట్టే కొట్టు అన్నారు. రమ్మను ఇప్పుడు, ఆ మాట నా ఎదురుగా అనమను!"

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. బహుమతితో పాటు పిస్గా పేరు పరిశోధనా కాలేజీల జాబితాలోకి ఎక్కబోతోంది. ఆ జాబితా కోసం అతనికి ముందు ముగ్గురు ప్రెసిడెంట్లు అర్జీలు పెట్టి పెట్టి ముసలివాళ్ళై పోయారు. ఆర్డీలియా రాసిన వ్యాసాన్నే శాస్త్ర పత్రికలవాళ్ళు నాలుగుసార్లు తిప్పి పంపి ఐదోసారి అచ్చువేశారు. ఫలితాలు ఆసక్తిగా ఉన్నాయి గానీ పేరున్న మరో ప్రయోగశాల చూసి ఔనంటే బాగుంటుందని తిప్పి పంపిన ప్రతిసారీ ఒకటే ముక్క. పేరున్నది అంటే ఏమిటో పిస్గాలో పనిచేసేవాళ్ళకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆమె కనిపెట్టిందేమిటో చెప్పాలంటే ముందు ఆ నేల సంగతి చెప్పాలి. టాలివర్ కౌంటీది నల్ల బంకమట్టి, నీళ్ళు ఇంకవు. పట్నంలో మురుగు గొట్టాలు వేశారు. పట్నం దాటి నల్లవాళ్ళ ఇళ్ళు మొదలయ్యే చోట ఆ గొట్టాలు ఎందుకోగానీ ఆగిపోయాయి. సొంతంగా సెప్టిక్ ట్యాంకు కట్టించుకుందామంటే ఆ బంకమట్టిలో దానికయ్యే ఖర్చు ఇంటి ఖర్చును మించిపోతుంది. అందుకని మరుగుదొడ్డి గొట్టం వెనక గోడలోంచి బయటికి వచ్చి పెరట్లోనే వదిలేస్తుంది. చట్టప్రకారం అది నేరం. గొట్టాలు వెయ్యని కౌంటీ సర్కారుది కాదు నేరం, గొట్టం లేని ఇంటివాళ్ళది. ఆ తడి మట్టిలో వట్టి కాళ్ళతో తిరిగే పిల్లల కడుపుల్లో కొంకిపురుగు చేరి నెత్తురు పీలుస్తోందని, ఈ దేశంలో అది ఎప్పుడో అంతరించిందని పాఠాలు చెప్పేవాళ్ళది అబద్ధమని ఆర్డీలియా లెక్కలతో సహా చూపించింది.

ఆ డబ్బాలు ఆమెకు ఊరికే రాలేదు. మొదటి ఏడాది ఒక్క తలుపూ తెరుచుకోలేదు. డాక్టరంటే కాగితాలు పట్టుకొచ్చి, నల్లవాడికి మందివ్వకుండా చచ్చేదాకా పక్కన కూర్చుని చూసి, రాసుకుని పోయే మనిషి అని అక్కడ తాతలనాటి నుంచీ తెలుసు. అది పుకారు కాదు, జరిగిన సంగతి. చివరికి జిపోరా రూడాల్ఫ్ అనే ఆవిడ ఆర్డీలియా చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది. జిపోరాకి డెబ్బై ఎనిమిదేళ్ళు. చర్చిలో ముందు వరసలో తెల్లటోపీ పెట్టుకుని కూర్చునే పెద్దావిడ. ఊరంతా ఆమెను మదర్ అంటారు.

"ఇంత చదువూ చదివి ఆఖరికి మా దొడ్డికెళ్ళింది ఏరుకోడానికొచ్చావా, బిడ్డా?" అంది మొదటి రోజున.

"అవును మదర్. మీది కూడా కావాలి."

"నాదా! నాది కావాలంటే ముందు నాకు కడుపునిండా పెట్టు. ఏమీ తినకుండా ఎట్టా వస్తది, గాలి తప్ప?"

అలా మొదలై నలభై మూడు ఇళ్ళయ్యాయి. ఒక్కో ఇంటి గుమ్మంలో నిలబడి ఆర్డీలియా ఒకటే మాట ఇచ్చింది. డబ్బా మీద అంకె తప్ప పేరు ఉండదు. ఏ అంకె ఎవరిదో రాసిన కాగితం తన డ్రాయరు దాటి బయటికి పోదు. పురుగున్న పిల్లలకు మందు కాలేజీ క్లినిక్‌లో ఊరికే ఇస్తారు.

ఆ మాటను అందరికన్నా గట్టిగా పట్టుకున్న మనిషి లూరీన్ హడ్నాల్. ఇరవై ఆరేళ్ళ పిల్ల, చేపల ఫ్యాక్టరీలో పని, ఆరేళ్ళ కూతురు జెరూషా తప్ప ఎవరూ లేరు. లూరీన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు ఇదే గొట్టం నేరం కింద వాళ్ళమ్మను జైల్లో పెట్టారు. అమ్మ మూడు రోజుల్లో తిరిగి వచ్చింది. కానీ ఆ ఇల్లు పిల్లలు ఉండదగింది కాదని రాసి లూరీన్‌ను ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో పదహారు నెలలు ఉంచారు. అక్కడ ఏం జరిగిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మూడేళ్ళ కిందట మొదటి డబ్బా ఇచ్చేటప్పుడు మాత్రం ఆర్డీలియా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"పేరు బయటికి రాదుగా, డాక్టర్? వచ్చిందంటే నా రూషాని తీసుకెళ్ళిపోతారు. నన్ను జైల్లో పెట్టుకోనీ, నాకేం కాదు. అదెళ్ళిపోతే నేను బతకను."

"రాదు తల్లీ. నా ప్రాణం పోయినా రాదు," అంది ఆర్డీలియా.

ఆ మాట ఆమె ఎలా తప్పిందో చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. పిస్గా మనుషులు నవ్వరు. అక్కడ చావుకైనా, పెళ్ళికైనా, పట్టాల పండుగకైనా ఒక ప్రోగ్రాం పుస్తకం అచ్చవుతుంది. చెయ్యి వేసిన వాళ్ళందరి పేర్లూ అందులో ఉండి తీరాలి. కుర్చీలు మోసినవాళ్ళు, కేకు చేసినావిడ, కార్లు ఎక్కడ ఆపాలో చూపించినాయన, అందరూ. ఎప్పుడో ఒకసారి బంగాళాదుంపల సలాడ్ చేసినావిడ పేరు మర్చిపోతే ఆమె చర్చి మారిపోయింది, పిల్లలూ మారిపోయారు, ఇప్పటికీ ఎదురుపడితే తల తిప్పుకుంటారు. అచ్చయిన పుస్తకాన్ని పారేయరు, బైబిల్లో పెట్టుకుంటారు. పనివాళ్ళుగా, అంకెలుగా, ఫలానావాళ్ళ మనుషులుగా రాయించుకుంటూ వచ్చిన జనానికి సొంత పేరు అచ్చులో చూసుకోవడం చిన్న సంగతి కాదు.

బహుమతి సభకు వారం ఉందనగా మదర్ జిపోరా లాబుకే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పుస్తకంలో మా పేర్లు ఏ పేజీలో వేస్తున్నారు?"

"వెయ్యడం లేదు మదర్. వెయ్యనని మాటిచ్చానుగా."

"ఎవరికిచ్చావ్? నాకేగా! ఆ మాట నేను తిరిగిచ్చేస్తున్నా, తీసుకో. పదేళ్ళు డబ్బాలు నింపింది మేము. ఆ ప్రెసిడెంటు నింపాడా? నువ్వు నింపావా? నే పోయాక నా శవపెట్టె మీద పూలెడితే నాకేం తెలుస్తది? ఇప్పుడు పెట్టు, కళ్ళారా చూసుకుంటా."

"అందర్నీ అడగాలి కదా."

"అడుగు మరి. ఆదివారం చర్చిలో నేనే అడుగుతా. ఎవరొద్దంటారో చూస్తా."

ఎవరూ వద్దనలేదు. లూరీన్ ఆ ఆదివారం ఫ్యాక్టరీలో ఉంది. ఆర్డీలియా రెండుసార్లు ఫోన్ చేసింది, ఆ నంబరు పనిచెయ్యడం లేదు. ఇంటికి వెళ్దామనుకుంది. ఆ వారం విలేఖరులతో, సభ ఏర్పాట్లతో, కొత్త కోటు కొలతలతో ఆమెకు ఊపిరి ఆడలేదు. అచ్చుకి పంపే గడువు సాయంత్రం నాలుగింటికి. పావుతక్కువ నాలుగింటికి జాబితా ముందు పెట్టుకుని లూరీన్ పేరు దగ్గర పెన్ను ఆపింది. కొట్టేస్తే నలభై రెండు అవుతాయి. ఊళ్ళో అందరి పేర్లూ ఉండి ఆ ఒక్కదాని పేరు లేకపోతే, తండ్రి లేని పిల్లను కన్నదని తీసేశారనుకుంటారు. చర్చిలో ఇప్పటికే కొందరు ఆమె పక్కన కూర్చోరు. ఇంతకీ మన పుస్తకం మనవాళ్ళు తప్ప ఎవరు చదువుతారు? అలా అనుకుని ఆమె పెన్ను ఎత్తేసింది. అందులో ప్రేమ ఉంది, కొంచెం బద్ధకమూ ఉంది. బద్ధకం సంగతి ఆమె తర్వాత ఎవరు అడిగినా దాచలేదు.

సభ రోజున కాలేజీ ప్రార్థన మందిరం కిక్కిరిసిపోయింది. జన్మలో పిస్గా గడప తొక్కని కౌంటీ పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళలో కౌంటీ లాయరు హేగుడ్ కూడా ఉన్నాడు. మూడేళ్ళ కిందట ఆర్డీలియా ఫలితాలు పట్టుకుని కౌంటీ సమావేశానికి వెళ్ళి మురుగు గొట్టాలు అడిగితే, ఆ కాలేజీ పరీక్షలకు విలువ లేదని పక్కకు నెట్టింది ఆయనే. ఇప్పుడాయన వచ్చాడని అందరూ పొంగిపోయారు. బాలర్డ్ పరిగెత్తుకెళ్ళి తన చేత్తో ఆయనకు పుస్తకం ఇచ్చాడు.

"ఈ పరిశోధనకు తోడ్పడిన కుటుంబాలు" అని పైన రాసిన పేజీని మైకులో చదివారు. పేరు పిలవగానే ఆ ఇంటివాళ్ళు లేచి నిలబడుతున్నారు, జనం చప్పట్లు కొడుతున్నారు. మదర్ జిపోరా లేచి నాలుగు దిక్కులకూ తిరిగి మహారాణిలా చెయ్యి ఊపింది. హడ్నాల్ అని పిలిచారు. వెనక గోడ దగ్గర కూర్చున్న లూరీన్ కదల్లేదు. తమ పేరు వినపడ్డ సంబరంలో రూషా బెంచీ ఎక్కి నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. జనం ఆ పిల్లకు అందరికన్నా ఎక్కువ చప్పట్లు కొట్టారు.

భోజనాల దగ్గర లూరీన్ ఆర్డీలియా ఎదురుగా వచ్చి నిలబడింది. చేతిలో పళ్ళెం లేదు.

"నా పేరెట్టా వచ్చింది, డాక్టర్?"

"నిన్నొక్కదాన్నీ వదిలేస్తే బాగోదని... నీకు గౌరవంగా ఉంటుందని, తల్లీ."

లూరీన్ కూతుర్ని చంకనేసుకుని తినకుండా వెళ్ళిపోయింది. ఆర్డీలియా ఆ పూట చాలామందితో ఫొటోలు దిగింది. ఒక్కదానిలోనూ మొహం సరిగా రాలేదు.

హేగుడ్ తెలివైనవాడు. వ్యాసంలో పేర్లు లేవు గానీ, పరీక్ష చేసిన ప్రతి ఇంటి పెరట్లోనూ మురుగు నేల మీదే ఉందని ఉంది. పుస్తకంలో మురుగు ఊసు లేదు గానీ ఆ ఇళ్ళ పేర్లున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకోవడానికి ఆయనకు ఒక మధ్యాహ్నం సరిపోయి ఉంటుంది. జూన్‌లో నలభై మూడు ఇళ్ళకూ కోర్టు నోటీసులు వచ్చాయి. మురుగు గొట్టాల గురించి పై ప్రభుత్వం అడగబోతోందనీ, తప్పు ఇళ్ళవాళ్ళదే అని ముందే రాసిపెట్టుకుంటే తమకు ఖర్చు తప్పుతుందనీ కౌంటీవాళ్ళ ఆలోచన. లూరీన్‌కి రెండో కాగితం కూడా వచ్చింది. ఈ కేసులో నేరం రుజువైతే ఆమె కూతుర్ని ఆ ఇంట్లో ఉంచడం కుదరదని అందులో రాశారు.

జనం రాత్రికి రాత్రి గొట్టాలు తవ్వి మట్టిలో పూడ్చేశారు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఫొటోలు తీస్తే వాటిలో తడి మట్టి తప్ప ఏమీ కనపడలేదు. అది మురుగేనని చెప్పడానికి రుజువు ఒక్కటే ఉంది, ఆర్డీలియా చేసిన పరీక్షలు. కోర్టు ఆమెను సాక్షిగా పిలిచింది. ముందుగా లూరీన్ కేసు, అందులో ఏం తేలితే మిగతా నలభై రెండిట్లోనూ అదే.

విచారణకు ముందురోజు బాలర్డ్ ఆమెను పిలిపించాడు. బల్ల మీద కొత్త లాబు నమూనా ఉంది. అట్టతో చేసిన గోడలు, పచ్చరంగు కాగితం చెట్లు.

"నిజం చెప్పు, ఆర్డీలియా. అంతకన్నా నేనేం అడగను. నువ్వు నిజమే కనుక్కున్నావు, అదే చెప్పు."

"చెబితే రూషాని తీసుకుపోతారు."

"ఆ సంగతి లాయర్లు చూసుకుంటారు. పై కోర్టులున్నాయి. ఇది ఒక్క పిల్ల గొడవ కాదమ్మా. నువ్వు రేపు తడబడ్డావంటే మన పిల్లలు ఇంకో వందేళ్ళు ఏది కనుక్కున్నా, ఆ పిస్గావాళ్ళా, అంటారు. నువ్వు పడ్డది చాలదా? వాళ్ళూ పడాలా?"

"నేను మాటిచ్చాను."

"మాట ఎప్పుడో తప్పావు కదమ్మా. ఆ పుస్తకం హేగుడ్ చేతిలో పెట్టింది నేనే, కాదనను. ఇప్పుడు మిగిలింది నిజమే," అన్నాడు అతను.

కోర్టులో ఫ్యాన్లు తిరుగుతున్నా ఉక్కగా ఉంది. నలభై మూడు ఇళ్ళవాళ్ళూ చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకుని వచ్చారు. లూరీన్ ముందు కుర్చీలో కూర్చుంది, రూషా ఒళ్ళో నిద్రపోతోంది. ఆర్డీలియా బైబిల్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. హేగుడ్ లేచి చిన్నగా వంగి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"డాక్టర్ షంపర్ట్, ముందుగా మీకు మా అందరి అభినందనలు. దేశమంతా మెచ్చుకున్న శాస్త్రవేత్త మన కౌంటీలో ఉండటం మా అదృష్టం." జడ్జి వైపు తిరిగి, "ఈమె పరీక్షల మీద ఎవరికీ ఏ అనుమానమూ ఉండక్కర్లేదు," అన్నాడు. పదకొండేళ్ళుగా ఈ మాట కోసమే ఆమె ఎదురుచూసింది. ఈ నోటితోనే అనిపించాలని ఎన్నోసార్లు అనుకుంది. ఇప్పుడు ఆ మాటే రూషాని తీసుకుపోవడానికి పనికొస్తోంది.

"మీరు పరీక్ష చేసిన నలభై మూడు ఇళ్ళలో మిస్ హడ్నాల్ ఇల్లు ఒకటి. అవునా?"

"పుస్తకంలో ఉంది కదండీ."

"ఆ పెరటి మట్టిలో మనుషుల మలం ఉందని, ఆ ఇంటి పిల్ల కడుపులో కొంకిపురుగు ఉందని మీ పరీక్షలో తేలింది. అవునా?"

ఆర్డీలియా గది చివరి దాకా చూసింది. బాలర్డ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మదర్ జిపోరా తెల్లటోపీ పెట్టుకుని, గడ్డం పైకెత్తి, ఇప్పుడు చెప్పబోయేది తన సొంత విషయం అన్నట్టు కూర్చుంది. లూరీన్ ఎవర్నీ చూడటం లేదు. కూతురి కాలి చెప్పు జారిపోతుంటే సర్దుతోంది.

"తేలలేదు," అంది ఆర్డీలియా.

"మళ్ళీ చెప్పండి?"

"డబ్బాల మీద అంటించిన చీటీలు తారుమారయ్యాయి. వేరే ఊళ్ళ నుంచి తెచ్చిన డబ్బాలతో అంకెలు కలిసిపోయాయి. నేనే చేశాను. ఏది ఎవరిదో నాకే తెలీదు. ఈ ఒక్క ఇంటి సంగతే కాదు, ఏ ఇంటి సంగతీ నేను ప్రమాణం చేసి చెప్పలేను."

"అంటే... బహుమతి వచ్చిన మీ పరిశోధన?"

"తప్పు."

గదిలో ఎవరో అయ్యో దేవుడా అన్నారు. హేగుడ్ ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత ఆయన మొహం మెల్లగా విప్పారింది. కేసు పోయింది, కానీ అంతకన్నా పెద్దది చేతికి దొరికిందని ఆయనకు అర్థమైంది. పురుగే లేకపోతే గొట్టాలతో పనేముంది? "మేము మొదట్నుంచీ చెబుతున్నదీ అదే," అని కాగితాలు సర్దుకున్నాడు. జడ్జి నలభై మూడు కేసులూ కొట్టేశాడు.

కోర్టు మెట్ల మీద మదర్ జిపోరా ఆర్డీలియాను ఆపింది. ఆమె మీది కేసు కూడా అప్పుడే పోయింది. అయినా సంతోషం లేదు.

"ఆ పిల్ల కోసం చెప్పావు. తెలుసు నాకు, బయట ఒక్కరితోనూ అనను. నేనైనా అదే చెప్పేదాన్నేమో. కానీ ఆ కౌంటీవాళ్ళ మొహాలు చూశావా? పండగ చేసుకుంటున్నారు. నా పేరున్న పుస్తకం ఇంటికెళ్ళి పొయ్యిలో పెడతా. నన్ను చూడ్డానికి రాకు, బిడ్డా. కొన్నాళ్ళు రాకు."

మిగతాది చకచకా జరిగిపోయింది. బహుమతి వెనక్కి తీసుకున్నారు, పత్రిక వ్యాసాన్ని రద్దు చేసింది, జాబితాలోంచి పిస్గా పేరు తీసేశారు. దేశంలోని పేపర్లన్నీ, బహుమతి వచ్చినప్పుడు లోపలి పేజీలో వేసినవి కూడా, ఈ కబురు మొదటి పేజీలో వేశాయి. కాలేజీ క్లినిక్‌లో ఆ ఇళ్ళకు ఇచ్చే మందులు కౌంటీ ఆపించింది. బాలర్డ్ ఆమెను ఉద్యోగం నుంచి తీసేస్తూ రాసిన ఉత్తరంలో ఒక్క కోపం మాట కూడా లేదు. ఆమె చెప్పింది అబద్ధమని తేలితే కేసులు మళ్ళీ తిరగబెడతారనీ, అది పూర్తిగా చల్లబడే దాకా ఆ ఇళ్ళ ఛాయలకు వెళ్ళద్దనీ ఆమె తరఫు లాయరు గట్టిగా చెప్పాడు. మూడు నెలలు ఆర్డీలియా ఇంట్లో కూర్చుంది. అద్దం చూసుకోవాలంటే మనసొప్పేది కాదు. అయినా రోజూ ఒక్కసారి, రూషా ఈ పాటికి బడి నుంచి వాళ్ళమ్మ దగ్గరికే వచ్చి ఉంటుంది అనుకుని, ఆ ఒక్క ఆలోచనతో అన్నం తినేది.

నవంబరులో ఇక ఉండబట్టలేక మాత్రలూ, ఇనుము మందు సీసాలూ తన డబ్బుతో కొని కారులో వేసుకుని లూరీన్ ఇంటికి వెళ్ళింది. ఆ నేల మీద నడిచే పిల్లలకు పురుగు మళ్ళీ మళ్ళీ పడుతుంది. మూడు నెలలకోసారి మాత్ర వెయ్యాలి, నెత్తురు పట్టడానికి మందు రోజూ తాగాలి. క్లినిక్‌లో ఇవ్వకపోయినా ఇంట్లో మిగిలినవి వాడుతూ ఉంటారని ఆమె లెక్క.

లూరీన్ తలుపు తీసి, ఆమెను చూడగానే రెండు చేతులూ చాచి వాటేసుకుంది.

"ఎన్నాళ్ళకొచ్చారు డాక్టర్! లోపలికి రండి. ఆకుకూర పొయ్యి మీదుంది, మొక్కజొన్న రొట్టె చేశా, తినకుండా పోనివ్వను. సభ రోజున మీ మీద ఎంత మండిపోయానో తెలుసా? ఒట్టు, మీ మొహం చూడకూడదనుకున్నా. మీరు కోర్టులో అంతమంది ముందు తప్పొప్పుకున్నారు చూడండి, అప్పుడే నా మనసు కడుక్కుపోయింది. అంత చదువుకున్నోళ్ళు ఎవరొప్పుకుంటారు?"

ఆర్డీలియాకి ఏదో తేడాగా అనిపించింది. వెనక వాకిట్లో మెట్టు మీద రూషా కూర్చుని ఉంది. ఎండ పడుతున్నా స్వెట్టరు వేసుకుంది. ఆమెను చూసి చెయ్యి ఊపింది గానీ లేవలేదు. మూతి చుట్టూ మట్టి అంటి ఉంది, నెత్తురు తగ్గిన పిల్లలు అలా మట్టి తింటారు. ఆర్డీలియా వంగి పిల్ల కింది రెప్ప లాగి చూసింది. లోపల ఎరుపన్నది లేదు.

"రూషాకి మందు తాగిస్తున్నావా?"

"ఎందుకు? అది లేదన్నారుగా!" లూరీన్ నవ్వింది. "మీరు బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పినాక ఇంకేం కావాలి? ఆ రోజే ఇంటికొచ్చి సీసాలన్నీ పారబోశా. వీధిలో అందరం పారేశాం. ఉత్తిపుణ్యానికి పిల్లకి ఆ చేదు తాగిస్తున్నాననుకుంటే ఏడుపొచ్చింది. కొంచెం నీరసంగా ఉంటోందిలే, ఎదిగే వయసు కదా."

ఆర్డీలియా మెట్టు మీద రూషా పక్కనే కూర్చుంది. అబద్ధం చెబుతున్నప్పుడు జడ్జి నమ్ముతాడా, హేగుడ్ నమ్ముతాడా అనే చూసుకుంది. ఈ జనం నమ్ముతారని, ఇన్నేళ్ళుగా తనను నమ్మినట్టే ఇదీ నమ్ముతారని ఆమెకు తట్టనే లేదు.

"లూరీన్, విను. నేను కోర్టులో చెప్పింది అబద్ధం."

"ఏది?"

"అంతా. చీటీలు తారుమారు కాలేదు. రూషా కడుపులో పురుగుంది. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, ఇప్పుడింకా ఎక్కువైంది. నిన్ను కాపాడదామని అలా చెప్పాను. ఈ మాత్ర ఈ రోజే వెయ్యి. ఆ మందు రోజూ తాగించు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆలస్యం చెయ్యకు."

వంటింట్లో కూర మాడుతున్న వాసన వచ్చింది, లూరీన్ వెళ్ళి చూడలేదు. ఆర్డీలియా అందించిన మాత్రల అట్ట తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత దాన్ని తిరిగి ఆర్డీలియా ఒళ్ళోనే పెట్టింది. కూతుర్ని లేపి తన వెనక నిలబెట్టుకుంది.

"పేరు బయటికి రాదన్నారు, వచ్చింది. పురుగుందన్నారు, లేదన్నారు. ఇప్పుడు మళ్ళీ ఉందంటున్నారు." గొంతు పైకి లేవలేదు, ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు మాట్లాడింది. "ఇంకెవర్నైనా తీసుకురండి డాక్టర్. మీ పిస్గావాళ్ళని కాదు. ఆ పెద్ద యూనివర్సిటీ నుంచి తెల్లవాళ్ళెవరన్నా వచ్చి చూసి ఉందంటే, అప్పుడేస్తా."

ఆర్డీలియా ఇంకా ఏదో చెప్పబోయింది. లూరీన్ పిల్లను తీసుకుని లోపలికి వెళ్ళి, తలుపు వేసి, గొళ్ళెం పెట్టుకుంది.